"ఇక చేసేదేం లేదు" అన్నాక: పాలియేటివ్ కేర్, లివింగ్ విల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు పెద్దాసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితాలతో ఇంటికొచ్చిన కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో క్యాన్సర్ ఇళ్లవాళ్లే ఎక్కువ. కిడ్నీలు చెడిపోయినవాళ్లు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, క్వారీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు కూడా ఉంటారు. ఇంట్లో అందరూ బాగున్నవాళ్లు కనీసం లివింగ్ విల్ (చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే కాగితం) ప్రశ్నలైనా చదవండి. ఆ కాగితం రాయాల్సింది ఒంట్లో బాగున్నప్పుడే.

పాలియేటివ్ కేర్, హాస్పిస్ ఒకటేనా?

చేసే పని ఒకటే, మొదలయ్యే సమయం వేరు. పాలియేటివ్ కేర్ జబ్బు తేలిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. ఒకపక్క కీమో నడుస్తుండగానే ఇంకోపక్క నొప్పికి, వాంతులకు, ఆయాసానికి, మనసులోని దిగులుకు వైద్యం చేస్తారు. జబ్బు నయం చేసే మందులు ఇక పనిచేయవని తేలాక, చివరి నెలల్లో మనిషి బాధపడకుండా చూసుకోవడం హాస్పిస్ కేర్. దానికి ప్రత్యేకంగా ఓ భవనమే ఉండాలని లేదు, ఇంట్లో కూడా చేయొచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంట్లోనే.

లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. మన దేశంలో మొదటిది 1986లో ముంబయిలో వచ్చిన శాంతి అవేదన సదన్. కేరళవాళ్లు 1993లో కోజికోడ్‌లో మొదలుపెట్టి ఊరూరా తీసుకెళ్లారు. తెలంగాణకు ఇది ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

"చేసేదేం లేదు, ఇంటికి తీసుకపోండి" అన్నారు. నిజంగా ఏమీ లేదా?

జబ్బు నయం చేయడానికి ఏమీ లేదని ఆ మాటకు అర్థం. మనిషికి చేయాల్సింది చాలా ఉంటుంది. ఆ రెండో ముక్క చెప్పకుండా పంపడం నా దృష్టిలో సగం వైద్యమే.

నోటి క్యాన్సర్‌నే తీసుకోండి. గుట్కా, అంబర్, బీడీ అలవాట్ల వల్ల మన దగ్గర ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. బుగ్గ మీద పుండు పగిలి వాసన వస్తుంటే ఇంట్లోవాళ్లు కూడా గడప దగ్గరే ఆగిపోతారు. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు. ఆ మనిషి నొప్పికన్నా దానికే ఎక్కువ కుంగిపోతాడు. అలాంటి పుండును ఉప్పు కలిపి కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడిచేసి చల్లి, పైన గాజుగుడ్డ కడితే కొద్ది రోజుల్లోనే వాసన బాగా తగ్గుతుంది. ఆ మాత్ర ఖరీదు చాలా తక్కువ. నర్సు ఒకసారి చేసి చూపిస్తే ఇంట్లోవాళ్లే రోజూ చేసుకోవచ్చు. వాసన తగ్గితే మనుమడు మళ్లీ మంచం మీదికొచ్చి కూర్చుంటాడు.

పొట్టలో నీరు చేరి ఊపిరాడకపోతే నీరు తీయించొచ్చు. ఆయాసానికి మందులతో పాటు, తల వైపు ఎత్తుపెట్టి ముఖానికి నేరుగా తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టడం కూడా పనిచేస్తుంది. మంచానికే పరిమితమైనవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, గాలి పరుపు వేస్తే పుండ్లు పడే ప్రమాదం చాలా తగ్గుతుంది. మలబద్ధకం, వాంతులు, నోటిపూత, నిద్రపట్టకపోవడం, వీటన్నిటికీ మందులున్నాయి.

మా దగ్గర ఇది ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వం "ఆలన" పేరుతో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు నడుపుతోంది. కొన్ని బెడ్లు ఉంటాయి, ఒక వాహనంలో టీమ్ ఇళ్లకు కూడా వస్తుంది. ఫీజు ఉండదు. మీ మండలానికి ఏ కేంద్రం దగ్గరో ఆశా వర్కరునో, పీహెచ్‌సీలోనో, జిల్లా వైద్యారోగ్య శాఖ ఆఫీసులోనో అడగండి. అడిగేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. టీమ్ రోజూ రాదు. మధ్యలో ఏదైనా వస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరు తప్పకుండా తీసుకోండి.

ఇంట్లో చూసుకునే వీలు అస్సలు లేకపోతే హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ లాంటివి ఉచితంగా చేర్చుకుంటాయి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పాలియేటివ్ విభాగం ఉంది. కానీ ఏటూరునాగారం నుంచి నగరానికి తీసుకెళ్తే చూడటానికి వచ్చేవాళ్లే ఉండరు. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మార్ఫిన్ ఇస్తే తొందరగా చనిపోతారట కదా? అలవాటైపోదా?

ఈ భయం వల్లే మన దగ్గర చాలామంది రాత్రంతా మూలుగుతూ గడుపుతున్నారు. నొప్పికి తగ్గ డోసులో డాక్టర్ చూస్తూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. చివరి దశలో మొదలుపెడతారు కాబట్టి ఆ తర్వాత కొన్నాళ్లకు మనిషి పోతే, పోయింది మార్ఫిన్ వల్లే అనుకుంటారు. క్యాన్సర్ నొప్పికి వాడేవాళ్లు మత్తు కోసం వెంపర్లాడే స్థితికి రావడం చాలా అరుదు. జబ్బు పెరిగితే డోసు పెంచాల్సి రావచ్చు, అది వ్యసనం కాదు.

వాడే పద్ధతి ముఖ్యం. నోటితో వేసే మామూలు మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చేదాకా ఆగి వేస్తే మాత్ర ఎప్పుడూ నొప్పి వెనకే పరుగెడుతుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వికారం ఉండొచ్చు, అవి తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మార్ఫిన్‌తో పాటే విరేచనాల మందు రాస్తారు, దాన్ని మానొద్దు. మార్ఫిన్ మానేసిన ఇళ్లలో అసలు కారణం చాలాసార్లు ఈ మలబద్ధకమే.

వరంగల్ చౌరస్తాలో మెడికల్ షాపులన్నీ తిరిగినా ఈ మాత్ర దొరకకపోవచ్చు. ఇది మాదకద్రవ్యాల చట్టం కింద ఉంది. 2014లో ఆ చట్టాన్ని సవరించాక, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు, పాలియేటివ్ కేంద్రాలు దీన్ని సులువుగా నిల్వ పెట్టుకోగలుగుతున్నాయి. కాబట్టి షాపుల్లో వెతకడం మాని కేంద్రాన్ని అడగండి.

అవ్వకు క్యాన్సర్ అని చెప్పలేదు. "గడ్డ" అని చెప్పాం. నిజం చెప్పాలా?

చాలాసార్లు అవ్వకు తెలిసే ఉంటుంది. కీమో వార్డులో పక్క బెడ్డువాళ్లు చెప్పేస్తారు, లేకపోతే బిడ్డల ముఖాలు చెప్తాయి. మీరు బాధపడతారని ఆమె అడగదు, ఆమె బాధపడుతుందని మీరు చెప్పరు. ఇల్లంతా నాటకం నడుస్తుంటే ఆమె మాత్రం ఒంటరిదైపోతుంది.

ఒకేసారి కూర్చోబెట్టి అంతా చెప్పేయమని కాదు. "నీ జబ్బు గురించి డాక్టర్ ఏమన్నడో తెలుసుకోవాలని ఉందా అవ్వా?" అని అడగండి. "నాకెందుకు బిడ్డా, మీరు చూసుకోండ్రి" అంటే అదీ ఒక జవాబే, అక్కడితో ఆగండి. "ఇది తగ్గదా?" అని ఆమే అడిగితే అబద్ధం చెప్పకండి. తెలిస్తే కుప్పకూలిపోతారని బిడ్డలు భయపడతారు. కానీ తెలిశాక చాలామంది పెద్దవాళ్లు చేసేది లెక్కలు చూసుకోవడమే. ఎవరికి ఎంత ఇవ్వాలి, చిన్నదాని పెళ్లికి దాచిన పుస్తెలు ఎక్కడున్నాయి, వేములవాడ మొక్కు ఎవరు తీర్చాలి. అలా చెప్పుకునే అవకాశం వాళ్లకు లేకుండా చేయకండి.

తిండి మానేసింది. గ్లూకోజ్ ఎక్కించమని అందరూ అంటున్నారు.

ఊళ్లో ఆర్ఎంపీని పిలిచి సెలైన్ పెట్టించకపోతే "తిండి పెట్టక చంపిండ్రు" అంటారేమోనన్న టెన్షన్ కొడుకులకు ఉంటుంది. అది అర్థమయ్యేదే. కానీ చివరి దశలో శరీరం మూతపడుతుంది కాబట్టి ఆకలి పోతుంది. తినకపోవడం వల్ల శరీరం మూతపడటం కాదు. ఆ సమయంలో ఎక్కించిన నీరు బయటికి పోక కాళ్లలో వాపుగా, ఊపిరితిత్తుల్లో గురగురగా మారి ఆయాసం పెంచుతుంది.

బలవంతంగా నోట్లో పోస్తే పొలమారుతుంది. కావాలన్నప్పుడు చెంచాడు అంబలో, మజ్జిగో, ఐస్ ముక్కో చాలు. పెదాలకు కొబ్బరినూనె రాసి, తడిగుడ్డతో నోరు తుడుస్తుంటే దాహం బాధ తగ్గుతుంది. ఇది చివరి వారాల్లో ఉన్నవాళ్ల గురించి చెప్పిన మాట. విరేచనాలతోనో జ్వరంతోనో ఒక్కసారిగా నీరసించిన మనిషి సంగతి వేరు, అప్పుడు డాక్టర్‌ను అడగాల్సిందే.

కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. అతను వచ్చేదాకా వెంటిలేటర్ మీద ఉంచమంటున్నారు.

జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల వైపు ఇది వినని ఇల్లు ఉండదు. కంపెనీ లీవు ఇవ్వాలి, టికెట్ దొరకాలి, ఈలోపు ప్రాణం నిలబెట్టాలి. కానీ నయంకాని జబ్బు చివరి దశలో వెంటిలేటర్ జబ్బును తగ్గించదు. గొంతులో గొట్టం ఉంటే మాట రాదు. పీక్కుంటారని చేతులు కట్టేస్తారు. వచ్చిన కొడుకుకు దక్కేది అద్దంలోంచి ఒక చూపు. రోజుకు వేలల్లో బిల్లు, దానికి చేసిన అప్పు తీర్చడానికి అతను మళ్లీ దుబాయ్‌కే వెళ్లాలి.

కొడుకును ప్రాణం పోయే రోజుకు కాదు, తండ్రి మాట్లాడగలిగే రోజుల్లో రమ్మనండి. "ఇప్పుడు బాగానే ఉన్నడు, తర్వాత వద్దువులే" అని ఆపకండి. రాలేకపోతే రోజూ వీడియో కాల్ చేయించండి. ఆఖరు చూపు కోసమే అయితే ఫ్రీజర్ బాక్స్ కిరాయికి దొరుకుతుంది. దహనానికో ఖననానికో అతను అందుకుంటాడు.

ఐసీయూ నుంచి ఇంటికి తీసుకెళ్తామంటే సంతకం పెట్టమంటున్నారు.

"డాక్టర్ సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అనే కాగితం అది. ఆసుపత్రుల్లో లామా అంటారు. అలా వచ్చేస్తే చేతిలో నొప్పి మందు ఉండదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. సంతకానికి ముందు డాక్టర్‌తో ఇలా చెప్పండి: "నయం కాదని మాకు అర్థమైంది. ఇంట్లో బాధ లేకుండా చూసుకోవడానికి మందులు రాసి, పాలియేటివ్ టీమ్‌కు చెప్పి పంపండి." గుండె ఆగితే ఛాతీ మీద అదిమి, గొట్టం వేసి లేపే ప్రయత్నం వద్దనుకుంటే అదీ చెప్పొచ్చు. నయంకాని జబ్బుల్లో ఆ ప్రయత్నం చేయకూడదన్న నిర్ణయాన్ని కేస్ షీట్‌లో ఎలా నమోదు చేయాలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లోనే మార్గదర్శకాలిచ్చింది.

లివింగ్ విల్ చట్టప్రకారం చెల్లుతుందా? అది కారుణ్య మరణం కాదా?

చెల్లుతుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి లివింగ్ విల్‌ను ఒప్పుకుంది. అప్పుడు పెట్టిన పద్ధతి మేజిస్ట్రేట్ సంతకంతో సహా చాలా కష్టంగా ఉండేది. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సులువు చేసింది. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో మరణాన్ని సాగదీయొద్దని ముందే చెప్పుకోవడం వరకే లివింగ్ విల్.

ఎలా రాయాలి?

పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్నవాళ్లు ఎవరైనా తమ ఇష్టంతో రాయొచ్చు. తెలుగులో రాసుకోవచ్చు. మాటలు తేటగా ఉండాలి, ఇలా:

"నాకు నయంకాని జబ్బు వచ్చి, కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చి, నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉంటే నాకు వెంటిలేటర్, డయాలసిస్, గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు ఆపొద్దు. వీలైతే నన్ను ఇంట్లోనే ఉంచండి. నా తరఫున నిర్ణయం చెప్పాల్సింది ఫలానావారు."

ఆ ఫలానావారు ఒకరే ఉండనక్కర్లేదు, ఇద్దరు ముగ్గురి పేర్లు రాయొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి, సాక్షులు ఇంటివాళ్లు కాకపోతే మంచిది. తర్వాత నోటరీ దగ్గరో, గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరణ చేయించాలి. హన్మకొండలో అదాలత్ దగ్గర నోటరీలు ఉంటారు. ఊళ్లలో ఉంటే తహసీల్దారునో ప్రభుత్వ డాక్టర్‌నో అడగొచ్చు. ఒక కాపీ పేరు రాసినవాళ్లకు, ఒకటి మీ డాక్టర్‌కు, ఒకటి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇవ్వాలి. ఆఫీసులో "ఇదేం కాగితం?" అని ఎగాదిగా చూస్తారు, విసుక్కోకుండా రసీదు తీసుకోండి.

ఒరిజినల్‌ను బీరువా లాకర్‌లో దాచి తాళం జేబులో పెట్టుకుంటే రాసి లాభం లేదు. రాత్రి రెండింటికి అంబులెన్స్ వచ్చినప్పుడు చేతికందాలి. ఆధార్ కాపీలుండే కవర్లోనే పెట్టండి, ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఉంచండి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. రెండు కాగితాలుంటే చివర రాసిందే చెల్లుతుంది.

కాగితం చూపించగానే వెంటిలేటర్ తీసేస్తారా?

తీసేయరు. ముందు వైద్యం చేస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా చూస్తారు. తర్వాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టర్ ఉండే రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రెండు బోర్డులూ సరేనంటే, పేరు రాసినవాళ్ల ఒప్పుదలతో, మేజిస్ట్రేట్‌కు తెలియజేసి అమలు చేస్తారు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు. కాగితం రాయకుండానే స్పృహ పోయినవాళ్ల విషయంలోనూ దగ్గరి బంధువుల ఒప్పుదలతో ఇదే పద్ధతి.

ఇంట్లో ఈ మాట ఎత్తితే "నోట్ల మంచిమాట రాదా" అని కసురుతారు.

కసిరేది ఎక్కువగా నడివయసువాళ్లే. పెద్దవాళ్లు "కాలూ చెయ్యీ ఆడంగనే పోవాలె" అని రోజూ అంటూనే ఉంటారు. ఆ మాట వచ్చినప్పుడు కొట్టిపారేయకుండా అందుకోండి. "అంటే ఎట్లా బాపూ? మొన్న పక్కింటి పెద్దనాయిన అన్ని రోజులు ఐసీయూలో ఉన్నడు గదా, నీకైతే ఏం చెయ్యమంటవ్?" అని అడగండి. చావు ఇంటికి వెళ్లొచ్చిన సాయంత్రం ఇలాంటి మాటలు సులువుగా నడుస్తాయి. ఒక్క కొడుకుతోనే కాకుండా బిడ్డలందరి ముందు చెప్పించండి. ఐసీయూ బయట అన్నదమ్ములు కొట్లాడుకునేది ప్రేమ లేక కాదు, తండ్రి ఏం కోరుకున్నాడో ఎవరికీ తెలియక.

ఆస్తి వీలునామా కూడా ఇందులోనే రాయొచ్చా?

వద్దు. అది వేరే కాగితం, మనిషి పోయాక అమలయ్యేది. రెండూ కలిపితే భూమి తగాదాలో వైద్యం మాట నలిగిపోతుంది.

చూసుకునేది కోడలొక్కతే. ఆమె కూడా అలసిపోయింది.

బంధువులు వచ్చి చాయ్ తాగి సలహాలిచ్చి పోతారు. రాత్రి రెండింటికి పక్క మార్చేది కోడలో, చిన్నబిడ్డో. సలహాకు బదులు ఒక రాత్రి కాపలా ఉండమని వాళ్లనే అడగండి. మగవాళ్లు కూడా నర్సు దగ్గర డ్రెస్సింగ్ నేర్చుకోవాలి, అదేం బ్రహ్మవిద్య కాదు. కొన్నాళ్లు కేంద్రంలో చేర్చి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకోవడం కూడా తప్పు కాదు.

చివరి రోజులు ఎలా ఉంటాయి?

నిద్ర ఎక్కువవుతుంది. మూత్రం తగ్గుతుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. శ్వాస కాసేపు ఆగి మళ్లీ వస్తుంది. గొంతులో గురగుర వినేవాళ్లకు భయంగా ఉంటుంది కానీ ఆ స్థితిలో ఉన్న మనిషికి చాలావరకు తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుంది. మాట వినిపిస్తుందనే అనుకుని మాట్లాడండి, మంచం పక్కన పంపకాల గొడవ పెట్టకండి. తులసి తీర్థమైనా, జమ్‌జమ్ నీళ్లైనా పెదాలు తడిసేంత చాలు. పాస్టర్‌నో ఫాదర్‌నో పిలవాలంటే స్పృహ ఉన్నప్పుడే పిలవండి.

కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఓనర్ ఒప్పుకోడేమో.

హన్మకొండలో ఇది నిజమైన సమస్య. శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్లు ఉన్నారు, దానిమీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తే బాగుండదు. ముందే మాట్లాడి చూడండి. కుదరదంటే, మనిషి ప్రయాణానికి తట్టుకునే స్థితిలో ఉన్నప్పుడే ఊళ్లో సొంతింటికి మార్చండి, మందులు ఎవరిస్తారో అక్కడి పీహెచ్‌సీలో చెప్పి ఉంచండి.

కళ్లు, అవయవాలు, శరీరం దానం చేయొచ్చా?

కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి. రక్త క్యాన్సర్లు కాకుండా మిగతా క్యాన్సర్లు ఉన్నా చాలావరకు కళ్లు ఇవ్వొచ్చు. రెప్పలు మూసి తడిగుడ్డ వేసి, ఫ్యాన్ ఆపి, ఐ బ్యాంక్‌కు ఫోన్ చేయండి. గుండె, కాలేయం లాంటివి జీవన్‌దాన్ (రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం) ద్వారా ఇవ్వాలంటే సాధారణంగా ఆసుపత్రిలో బ్రెయిన్ డెత్ అని తేలాలి. ఇంట్లో పోయినవాళ్లవి కుదరవు. శరీరదానానికి కాకతీయ మెడికల్ కాలేజీలో అనాటమీ విభాగాన్ని ముందే కలిసి కాగితాలు పూర్తి చేయండి.

ఇంట్లో చనిపోతే పోలీసులకు చెప్పాలా? సర్టిఫికెట్ ఎలా?

జబ్బుతో జరిగిన సహజ మరణానికి పోలీసులు అక్కర్లేదు. వైద్యం చేసిన డాక్టర్ నుంచి మరణ కారణం రాయించుకుని, 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర లేదా మున్సిపాలిటీలో నమోదు చేయించండి. దినవారాల హడావిడిలో పడి ఆలస్యం చేస్తే తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్స్, భూమి పనులన్నీ ఆగుతాయి.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఏం చేయాలి?

ఇచ్చిన కేంద్రానికే తిరిగి ఇచ్చేయండి. నడుం నొప్పి అన్న పక్కింటివాళ్లకు ఇవ్వకండి, పిల్లలకు అందేచోట పెట్టకండి. గాలి పరుపు, వీల్‌చెయిర్ లాంటివి అక్కడినుంచి తెచ్చుకుని ఉంటే అవీ అప్పుడే ఇచ్చి రండి. వాటి కోసం ఇంకో ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారు.